నల్లచెలిమలో పద్నాలుగు మంది

నల్లచెలిమలో మూడేళ్ళకు కలిపి ఒక్క ఆడమనిషికే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ వచ్చినట్టు జిల్లా క్యాన్సర్ రిజిస్ట్రీలో ఉంది. ఆ ఒక్కటీ రాసింది నాగజ్యోతే.

ఆమె ఉద్యోగమే అది. కర్నూలు చుట్టుపక్కల మండలాల్లో ఎవరికి క్యాన్సర్ వచ్చినా, ఏ ఊళ్ళో, ఏ వయసులో, ఒంట్లో ఏ చోట వచ్చింది, మనిషి ఉన్నారా పోయారా అన్నది పట్టుకుని మనిషికొక ఫారం నింపాలి. అందుకోసం ఆసుపత్రులు తిరుగుతుంది, ల్యాబుల్లో పాత పుస్తకాలు తిరగేస్తుంది, పంచాయతీల్లో మరణాల రిజిస్టర్లు చూస్తుంది. బద్వేలు దగ్గర పల్లెలో పుట్టి, కడపలో స్టాటిస్టిక్స్ చదువుకుని, అంకెల మీద ఇష్టంతో ఈ పనిలో చేరింది. చేరాక తెలిసింది, ఒక్కో అంకె కోసం ఎండలో ఎన్ని గడపలు తొక్కాలో. అయినా నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.

నల్లచెలిమ కోడుమూరు అవతల, హంద్రీ నదికి కాస్త ఎడంగా, ఆరువందల ఇళ్ళ ఊరు. అక్కడ రిజిస్ట్రీకెక్కిన ఆ ఒక్క మనిషీ అంగన్‌వాడీ టీచరు లక్ష్మీదేవమ్మ. జబ్బు తొందరగా బయటపడి, కర్నూల్లో వైద్యం చేయించుకుని నిలబడింది. ఎలా ఉందో కనుక్కుని రాసుకోవడానికి నాగజ్యోతి ఏప్రిల్ మొదట్లో ఒకరోజు వెళ్ళింది. పని అయిపోయాక లేస్తూ, మీ ఊరు నయమక్కా, మీరొక్కరే, అంది మాటవరసకు.

లక్ష్మీదేవమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"నేను బతికినా కాబట్టి మీకు దొరికినా మేడం. సచ్చినోళ్ళు మీకు యాడ దొరుకుతారు?"

నాగజ్యోతి మళ్ళీ కూర్చుంది. లక్ష్మీదేవమ్మ వీధులవారీగా చెప్పుకుంటూ పోయింది. మసీదు వెనక సందులో ఇద్దరు. బోయగేరిలో అయిదుగురు. రచ్చకట్ట పక్కన అత్తాకోడళ్ళు, ఒక ఏడాది తేడాతో. అందరికీ అదే తీరు. ముట్లు నిలిచినాక మళ్ళీ రక్తం కనబడటం, తెల్లబట్ట, నడుమునొప్పి, ఆఖరికి మంచం. ఊళ్ళో ఎవరూ ఆ జబ్బు పేరెత్తరు. ముసలివాళ్ళు రాచపుండు అంటారు, అదీ గొంతు తగ్గించి. మూడేళ్ళ లెక్క పద్నాలుగు దగ్గర ఆగింది. వాళ్ళలో సగం మందికి యాభై నిండలేదు.

తిరుగు బస్సులో నాగజ్యోతి లెక్క వేసుకుంది. మూడేళ్ళ రిపోర్టు ఏప్రిల్ నెలాఖరుకు ముగుస్తుంది. ఆడవాళ్ళను ఊళ్ళోనే పరీక్షించే బస్సులు రెండు ఈ ఏడాది జిల్లాకు వస్తున్నాయి. రిపోర్టులో ఏ మండలాల్లో జబ్బు ఎక్కువగా తేలితే అవి అక్కడికి పోతాయి. కోడుమూరు మండలం ఇప్పుడు అడుగున ఉంది. పద్నాలుగు మంది చేరితే పైకొస్తుంది. చేరకపోతే నల్లచెలిమ ఒక్క క్యాన్సర్ ఉన్న ఊరుగానే మిగిలిపోతుంది.

మరునాడు డాక్టర్ భూపేష్‌కు చెప్పింది. రిజిస్ట్రీ నడిపేది ఆయనే. జమ్మలమడుగు మనిషి, మితంగా మాట్లాడతాడు. అంతా విని, నువ్వు చెప్పేది అబద్ధమని నేననడం లేదన్నాడు. కానీ కాయితం కావాలి. బయాప్సీ చీటీ గానీ, డాక్టరు రాసిన ముక్క గానీ, మరణాల రిజిస్టరులో కారణం గానీ, ఏదో ఒకటి. ఊళ్ళో చెప్పుకున్న మాటను రిజిస్ట్రీ ఒప్పుకోదు. ఒప్పుకుంటే రేపు ఎవరేం చెప్పినా ఎక్కించాల్సి వస్తుంది.

ఆ మాటలో న్యాయం ఉందని నాగజ్యోతికి తెలుసు. ఆ రోజు నుంచే వెతకడం మొదలుపెట్టింది.

పంచాయతీ రిజిస్టరులో పద్నాలుగు పేర్లూ ఉన్నాయి. కారణం అన్న గడిలో కొందరికి జ్వరం, కొందరికి కడుపునొప్పి, నలభయ్యొక్కేళ్ళ ఒకామెకు వృద్ధాప్యం. చెప్పడానికి వచ్చినవాళ్ళు ఏది చెబితే అది రాశారు. మిగతావాటికి గీతలు.

ఇక ఇళ్ళు. ఒక ఇంట్లో చీటీలన్నీ నీళ్ళపొయ్యిలో వేసేశామన్నారు. ఒక ఇంట్లో దూలం మీదున్న సంచీ దించితే చెదపురుగుల మట్టి రాలింది. రెండిళ్ళకు తాళాలు, మనుషులు బెంగళూరులో ఇళ్ళ పనులకు పోయారు. ముగ్గురు ఆడవాళ్ళకు ఏవో చిన్న నర్సింగ్‌హోముల్లో గర్భసంచి తీసేశారు, తీసినదాన్ని పరీక్షకు పంపినట్టు చీటీ లేదు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక ముసలాయన అయితే గడప లోపలికి కూడా రానివ్వలేదు. ఆ పేరు మా ఇంటి మీద రాసుకోని పోతే మాకేమొస్తాదని అడిగి తలుపేసుకున్నాడు. నాగజ్యోతి ఆ తలుపు ముందు కాసేపు నిలబడింది. ఏమొస్తుందో ఆమె చెప్పగలదు, కానీ అది ఆయన కూతురికి వచ్చేది కాదు.

పదకొండు రోజులు తిరిగింది. చేతికొచ్చినవి మూడు కాయితాలు. మూడూ నొప్పిమాత్రల చీటీలే.

పన్నెండో రోజు లక్ష్మీదేవమ్మ ఆమెను బోయగేరిలో తిమ్మన్న దగ్గరికి తీసుకుపోయింది. తిమ్మన్నకు అరవై దాకా ఉంటాయి. రెండేళ్ళ కిందట భార్య సుంకులమ్మ పోయింది. ఏడెనిమిది నెలలు బళ్ళారి ఆసుపత్రికి తిప్పాడు. ఆ మాట వినగానే నాగజ్యోతికి ప్రాణం లేచొచ్చింది. బళ్ళారిలో అయితే బయాప్సీ చేసే ఉంటారు, కాయితం ఇచ్చే ఉంటారు. ఫైలు ఉందా తిమ్మన్నా అని అడిగింది.

"ఉండెమ్మా. శానా లావు ఫైలు. ఆయమ్మ దాన్ని ఎవురికీ ఇస్తాండ్లే. తలకింద పెట్టుకోనే పండుకుంటాండె," అన్నాడు. కాస్త ఆగి, "పూడ్సేటప్పుడు గూడ తలకిందనే పెడితిమి," అన్నాడు.

ఇంటి వెనక చేనిగట్టు మీద సమాధి కనబడుతూనే ఉంది. నాలుగు రాళ్ళు, మధ్యలో ఎండిన పూలు. నాగజ్యోతి అటే చూసింది. తిమ్మన్నే మళ్ళీ అన్నాడు.

"ప్లాస్టిక్ కవర్లోనే ఉండాది. తడిసుండదు. కావల్లంటే తీస్తా."

వద్దనాలి. ఆ క్షణంలోనే వద్దనాలని ఆమెకు తెలుసు. కానీ పదకొండు రోజుల తిరుగుడు, మూడు పనికిరాని చీటీలు, నెలాఖరు, అన్నీ ఒక్కసారి అడ్డం పడ్డాయి. తిమ్మన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకునేంతసేపు ఆమె ఊరకే ఉండిపోయింది. అంతసేపూ ఆయన ఆమె మొహమే చూస్తున్నాడు. అప్పుడంది, అంత పని వద్దు తిమ్మన్నా అని. లక్ష్మీదేవమ్మ తల పక్కకు తిప్పుకుంది.

తిరిగి అంగన్‌వాడీకి వచ్చేసరికి ఆయా వెంకటేశ్వరమ్మ పిల్లలకు అన్నం పెట్టి, గోడకానుకుని కూర్చుని ఉంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. లేవాలంటే గోడ పట్టుకుంటోంది. కూర్చున్నచోట కింద పాత చీర నాలుగు మడతలు వేసి పరుచుకుంది. లక్ష్మీదేవమ్మ నాగజ్యోతి చెవిలో చెప్పింది, ఈమెకూ అదే, నాలుగైదు నెలలైంది, కర్నూలుకు రమ్మంటే చచ్చినా రానంటుందని.

నాగజ్యోతి ఆమె పక్కన నేలమీద కూర్చుంది. వెంకటేశ్వరమ్మ దాచలేదు. ఆ పద్నాలుగు మందిలో ఒకామె ఈమెకు సొంత అక్క. అక్క వెంట ఆసుపత్రికి పోయి, ఆడవాళ్ళను పడుకోబెట్టి పరీక్షించే బల్లను కళ్ళారా చూసింది.

"మా యక్కను నలుగురు మొగోళ్ళు సూసిరి తల్లీ. ఇంటికొచ్చి నాల్రోజులు అన్నం తినలే, సిగ్గుతో. దాని తర్వాత పాయ. ఏమొచ్చె సూపిచ్చుకోని?"

నాగజ్యోతి బస్సు సంగతి చెప్పింది. ఊళ్ళోకే వస్తుంది. లోపల ఆడడాక్టర్లే ఉంటారు. తెర ఉంటుంది. పది నిమిషాల పని. వెంకటేశ్వరమ్మ ఆ మాటలు జాగ్రత్తగా విన్నది. ఆడోళ్ళేనా అని రెండుసార్లు అడిగింది. ఊర్లోకే వస్తే ఎక్కుతానంది. ఎప్పుడొస్తుందని అడిగింది.

"జూన్‌లో వస్తుందక్కా," అంది నాగజ్యోతి.

అలా చెప్పే హక్కు తనకు లేదని బస్సెక్కాక గాని ఆమెకు తట్టలేదు.

ఏప్రిల్ ఆఖరి ఆదివారం. మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ లేరు. రెండు రోజుల్లో రిపోర్టు ముగుస్తుంది. నాగజ్యోతి పద్నాలుగు పేర్లు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. కిటికీ రెక్కలు మూసినా వేడి ఆగడం లేదు. ఒక్కో పేరూ మళ్ళీ చదివింది. ఆ తర్వాత కంప్యూటరు తెరిచింది.

ఆదోనిలో ఒక ల్యాబు నిరుడు మూతపడింది. దాని పుస్తకాలు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. పోయి అడిగేందుకు తలుపు కూడా లేదు. ఆ ల్యాబు పేరు రాసి, పద్నాలుగు మందికీ పద్నాలుగు బయాప్సీ నంబర్లు వేసింది. తేదీలు వేరువేరుగా వేసింది. గర్భాశయ ముఖద్వారం అని రాసింది. జబ్బు నిజం, చావు నిజం, నంబరు ఒక్కటే అబద్ధం అని తనకు తాను చెప్పుకుంది. రాస్తున్నంతసేపూ ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటికి పోయాక ఆ సంగతే ఆమెను భయపెట్టింది.

సోమవారం డాక్టర్ భూపేష్ చూశాడు. ఎలా సంపాదించావు ఇవన్నీ అన్నాడు. ల్యాబులో పనిచేసినాయన దగ్గర పాత నకళ్ళు దొరికాయంది. ఆయన నమ్మాడు. నాలుగేళ్ళుగా తన దగ్గర పనిచేస్తున్న మనిషిని నమ్మకుండా ఉండటానికి ఆయనకు కారణం లేదు. మ్యాపులో కోడుమూరు మండలం రంగు మారింది. ఇంతకాలం లేత పసుపులో ఉన్న చోటు ముదురు ఎరుపైంది. ఆయన ఆ మ్యాపును చాలాసేపు చూసి, మనం ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకోని ఉంటిమి జ్యోతీ అన్నాడు.

పదిరోజులు గడిచాయి. నాగజ్యోతి ఆ ఉదయం వేరే ఆసుపత్రిలో పని చూసుకుని పదకొండింటికి ఆఫీసుకు వచ్చింది. డాక్టరు గదిలో తిమ్మన్న కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. బల్ల మీద తువ్వాలు విప్పి ఉంది. తువ్వాలులో ఒక ప్లాస్టిక్ కవరు, మడతల్లో మట్టి, లోపల లావుపాటి ఫైలు.

తిమ్మన్న ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. పెద్ద పని ముగించుకుని వచ్చినవాడిలా ఉంది ఆయన మొహం.

"ఎవురికీ చెప్పలేమ్మా. నేను, మా తమ్ముడు, ఇద్దరమే పోతిమి, తెల్లారతానే. తలకాడ ఒక్కటే తీసినాము. ఆయమ్మను కదిలీలే," అన్నాడు. కవరు ఆమె వైపు జరిపి, "నీ నోరు వద్దనె గానీ నీ మొగం వద్దనలే. దానికే తెస్తి," అన్నాడు.

డాక్టర్ భూపేష్ ఆమె వంక చూడటం లేదు. ఆయన ముందు కంప్యూటరులో సుంకులమ్మ ఫారం తెరిచి ఉంది. ఫైలులో బళ్ళారి ఆసుపత్రి బయాప్సీ చీటీ పైన పెట్టి ఉంది. ఆయన తిమ్మన్నను మర్యాదగా బయటికి పంపాడు, పెద్దాయనకు టీ ఇప్పించమని అటెండరుకు చెప్పాడు. తలుపు వేశాక అడిగాడు.

"సుంకులమ్మకు బయాప్సీ బళ్ళారిలో అయింది. నువ్వు ఆదోని అని రాసినావు. నంబరు వేరే, తేదీ వేరే. మిగతా పదమూడూ ఇంతేనా?"

ఆమె దాచలేదు. నిలబడే అంతా చెప్పింది. ఆదివారం, మూతపడిన ల్యాబు, వేసిన నంబర్లు. చెబుతుంటే తన గొంతు ఎవరిదో అనిపించింది. ఆయన చెయ్యి నుదుటికి ఆనించుకుని విన్నాడు.

"వాళ్ళు పద్నాలుగు మందీ ఆ జబ్బుతోనే పోయినారని నేను నమ్ముతాండా," అన్నాడు చివరికి. "కానీ ఇప్పుడు ఎవరైనా నన్నడిగితే, ఏది నిజమో నేను చెప్పలేను. నువ్వు ఈ నాలుగేండ్లలో రాసిందంతా అనుమానమే. నువ్వు నాకు నోరు లేకుండా చేసినావు జ్యోతీ."

ఆమె బతిమాలింది. తనను తీసేయండి, పోలీసులకు పట్టివ్వండి, కానీ సుంకులమ్మను మాత్రం ఉంచండి, ఆ కాయితం నిజమే కదా అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మండలం మొత్తాన్ని మళ్ళీ సరిచూడాలి. దానికి నెలలు పడతాయి. రిపోర్టు అంతవరకు ఆగదు. కోడుమూరును వదిలేసి అచ్చుకు పంపక తప్పదు. సుంకులమ్మ పేరు వచ్చే రిపోర్టులో చూద్దామన్నాడు. రాజీనామా కాయితం రాసిమ్మన్నాడు. రాసిచ్చింది.

తిమ్మన్న బయట రేకుల కింద బల్ల మీద కూర్చుని ఉన్నాడు. టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. లెక్కలోకి వచ్చెనామ్మా అని అడిగాడు.

నాగజ్యోతికి అబద్ధం చెప్పి పంపేయాలనిపించింది. వచ్చిందని ఒక్కమాట అంటే ఆయన సంతోషంగా బస్సెక్కుతాడు. కానీ అబద్ధం చెప్పే ఓపిక ఇక ఆమెలో లేదు. ఆయన పక్కన కూర్చుని, నీ ఫైలు రాకముందే నేనొక దొంగ నంబరు వేసినాను తిమ్మన్నా, దాంతో అందరివీ కొట్టేసినారు, సుంకులమ్మది కూడా, అని చెప్పింది. అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పింది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నేను రొంత ఆలీసెం చేస్తినేమో," అన్నాడు. "నువ్వొచ్చిన దినమే తవ్వింటే సరిపోతాండె."

"నీ తప్పు కాదు. నాది," అంది. ఆ మాట ఆయన చెవికెక్కిందో లేదో తెలియలేదు. ఫైలు మళ్ళీ ఇస్తారా అని మాత్రం అడిగాడు. డాక్టర్ భూపేష్ తానే జిరాక్సు తీయించి, కాయితాలను కవరులో సర్ది, రెండు చేతులతో తెచ్చిచ్చాడు. తిమ్మన్న దాన్ని తువ్వాలులో చుట్టుకుని, చంకన పెట్టుకుని, ఎండలోకి దిగి పోయాడు. ఆ తర్వాత దాన్ని ఏం చేశాడో నాగజ్యోతి ఎప్పుడూ అడగలేదు.

ఉద్యోగం పోయిన సంగతి ఆమె భర్త అవినాష్‌కు చెప్పింది. జూనియర్ కాలేజీలో లెక్చరరు, నెమ్మది మనిషి. మూడో రోజు, బద్వేలు పోయి కొన్నాళ్ళు ఉండు, నల్లచెలిమకు మాత్రం పోవద్దు అన్నాడు. ఆమె సరేనంది గాని, బద్వేలు పోలేదు. నెల రోజులు బయటికే రాలేదు. అడ్డం పడుకుని గోడ చూసేది. కళ్ళు మూస్తే చాలు, చేనిగట్టు, నాలుగు రాళ్ళు, వాటి పక్కన తవ్విన కొత్త మట్టి.

జూన్ రెండోవారంలో రిపోర్టు వచ్చింది. కోడుమూరు మండలం ఉన్న వరుసలో అన్నీ గీతలు. రెండు బస్సులూ వేరే మండలాలకు పోయాయి. ఆ సాయంత్రం వెంకటేశ్వరమ్మ గుర్తొచ్చింది. జూన్‌లో వస్తుందక్కా అన్న తన మాటే గుర్తొచ్చింది. పొద్దున్నే అవినాష్‌కు చెప్పి నల్లచెలిమ బస్సెక్కింది.

తిమ్మన్న తన తమ్ముడికి తప్ప ఎవరితోనూ అనలేదు గాని, సమాధి తవ్విన సంగతీ దొంగ నంబర్ల సంగతీ ఆ తమ్ముడు చెప్పేశాడు. ఊరంతటికీ తెలిసిపోయింది. నాగజ్యోతి వీధిలో నడుస్తుంటే అరుగుల మీద ఆడవాళ్ళు మాటలాపారు. లక్ష్మీదేవమ్మ అంగన్‌వాడీ గుమ్మంలోనే ఆపేసింది. ఆమెను ఈసారి మేడం అనలేదు.

"మేము నీకు పేర్లిస్తిమి," అంది. "మా నోట్లో నుంచి ఆ పేర్లు తీసేదానికి మాకెంత కష్టమైందో నీకు తెల్దు. నువ్వు వాటికి దొంగ నంబర్లు తగిలిస్తివి. ఇంగ ఈ ఊర్లో ఎవురు నోరిప్పుతారు?"

నాగజ్యోతి తలవంచుకుని ఆమెను దాటుకుని లోపలికి పోయింది. వెంకటేశ్వరమ్మ అదే గోడ దగ్గర కూర్చుని ఉంది. రెండు నెలల్లో సగమైంది. చెంపలు లోపలికి పోయాయి, గదిలో వాసన. నాగజ్యోతిని చూడగానే, వచ్చెనా బస్సు అంది.

రోజూ అడుగుతూనే ఉందట. ఒకసారి రోడ్డు మీద ఏదో తెల్లబండి వస్తే లేచి చీర కూడా మార్చుకుందట.

బస్సు రాదని నాగజ్యోతి చెప్పింది. తన వల్లనే రాలేదని చెప్పింది. తర్వాత నాతో కర్నూలు రా అక్కా అంది. ఆడడాక్టరే చూస్తుంది, నేను పక్కనే ఉంటా, నీ చెయ్యి పట్టుకుని ఉంటా అంది. వెంకటేశ్వరమ్మ తల ఊపలేదు. విత్తనం పడే కాలం, చేన్లో పని ఉంది, పంట చేతికొచ్చినాక చూస్తానంది. పంట చేతికొచ్చేదాకా ఈమె ఉండదని నాగజ్యోతికి ఆ మొహం చూస్తేనే తెలిసింది. ఇంకేం చేయాలో తోచక రెండు కాళ్ళూ పట్టుకుంది. పిల్లలు అన్నాల దగ్గర చేతులాపి చూస్తున్నారు. నాగజ్యోతి ఏడుస్తూ ఉంది, ఏం మాట్లాడుతున్నదీ ఆమెకే తెలియలేదు.

"లే తల్లీ," అంది వెంకటేశ్వరమ్మ, కాళ్ళు వెనక్కు లాక్కుంటూ. "పిల్లోళ్ళు సూస్తాండారు. లే."

ఆ రోజు మాత్రం రాలేదు. నాలుగో రోజు రక్తం ఆగకుండా పోతుంటే, లక్ష్మీదేవమ్మే ఆటోలో కోడుమూరు తెచ్చి, అక్కడి నుంచి బస్సులో కర్నూలు తెచ్చింది. బస్టాండు నుంచి ఫోను చేసింది. రా, అని ఒక్కమాటే అంది.

చూసిన డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. బల్ల చుట్టూ తెర లాగించి, ఓపికగా చూసింది. నాగజ్యోతి చెప్పినట్టే చెయ్యి పట్టుకుని ఉంది. పరీక్షల ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ నాగజ్యోతిని పక్కకు పిలిచింది. మూడో స్టేజీ, పక్కలకు పాకింది, అయిదారు వారాలు రేడియేషన్ ఇవ్వాలి, ఇచ్చాక గాని ఏదీ చెప్పలేం అంది. రెండు నెలల ముందు తెచ్చింటే ఇంత పాకేది కాదేమో అని కూడా అంది. ఏప్రిల్‌లో తాను ఆ అంగన్‌వాడీ నేలమీద ఆమె పక్కనే కూర్చుని ఉందని నాగజ్యోతి డాక్టరమ్మకు చెప్పలేదు. బస్సు మాట ఎత్తకుండా ఆ రోజే కాళ్ళు పట్టుకుని ఉంటే వచ్చేదో రాదో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే అది ఆమెను వదల్లేదు.

వైద్యం జరిగినన్నాళ్ళూ వెంకటేశ్వరమ్మ నాగజ్యోతి వాళ్ళ ఇంట్లోనే ఉంది. అవినాష్ ముందుగదిలో మంచం వేసిచ్చాడు. ఒకరోజు రేడియేషన్ గది ముందు కూర్చుని ఉండగా రిజిస్ట్రీ నుంచి కొత్తగా చేరినామె ఫారం పట్టుకుని వచ్చింది. నాగజ్యోతి ఎవరో ఆమెకు తెలియదు. ఊరు, వయసు, ఎన్నాళ్ళ నుంచి ఆ ఊళ్ళో ఉంటున్నారు, ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా అని అడిగింది. వెంకటేశ్వరమ్మ నాగజ్యోతి వైపు చూసింది. తర్వాత తానే చెప్పింది, మా యక్కకు వచ్చి పాయ అని. కాయితాలేమన్నా ఉన్నాయా అని అడిగింది ఆ అమ్మాయి. లేవు. అమ్మాయి ఆ గడిలో ఏదో రాసుకుని పోయింది.

మూడోవారం నుంచి వెంకటేశ్వరమ్మకు ఏమి తిన్నా నిలవడం లేదు. ఊరికి పంపేయమని రోజూ అడిగేది. నాగజ్యోతి ప్రతిరోజూ రేపొక్కరోజు అని చెప్పి తీసుకుపోయేది. అలా వైద్యం ముగిసింది. రక్తం ఆగింది. మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. నయమైందా అని ఇంటికి పోయేరోజు అడిగింది వెంకటేశ్వరమ్మ. అప్పుడు చూసి చెబుతారక్కా అంది నాగజ్యోతి. ఈసారి నెల పేరేమీ చెప్పలేదు.

ఆమె ఊరికి పోయిన పదిరోజులకు లక్ష్మీదేవమ్మ ఫోను చేసింది. గొంతులో పాత కోపం అలాగే ఉంది. వెంకటేశ్వరమ్మను చూసి ఇద్దరు అడిగారట, ఆడడాక్టరే చూసిందా, తెర వేసిందా అని. ఇద్దరికీ మూడు నెలలుగా రక్తం కనబడుతోంది. మంగళవారం మొదటి బస్సుకు ఎక్కిస్తా, నువ్వు దింపుకో, అంది. లెక్క కోసం కాదు, చూపించేదానికి, అని కూడా అంది. నాగజ్యోతి సరేనంది.

మంగళవారం తొమ్మిదికల్లా కర్నూలు బస్టాండులో నిలబడింది. కోడుమూరు బస్సు అరగంట ఆలస్యంగా వచ్చింది. జనమంతా దిగాక, చివర్లో ఒకామె సంచీ గుండెకు పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగింది. నలభై కూడా ఉండవు. వెనక ఇంకెవరూ లేరు. బస్సు ఖాళీ అయిపోయింది.

ఇంకొకామె ఏదని అడిగింది నాగజ్యోతి.

"కోడుమూరులో దిగి ఎనిక్కి పాయక్కా. భయమైతాందంట," అంది ఆమె. "నాకూ భయంగానే ఉండాది."

నాగజ్యోతి ఆమె చేతిలో సంచీ అందుకుంది. ఇద్దరూ ఆసుపత్రి వైపు నడిచారు.